జబ్బు లేనివాడికి మందు

సోమవారం

ఇది కాలేజీ నోట్సు పుస్తకం. కాలేజీ మూసేశారు కాబట్టి మిగిలిన కాగితాలన్నీ నావే. ఎవరూ చదవరు, ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. (అని రాయగానే చేతిరాత గుండ్రంగా మారిపోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది.)

ఇవాళ మా మందుల కొట్టుకి కొత్త మాత్రలు వచ్చాయి. ఇన్నాళ్ళూ జ్వరానికి జ్వరం మాత్ర, దగ్గుకి దగ్గు మందు ఇచ్చి పంపడమే తప్ప ఈ వైరస్‌కంటూ మందు లేదు. ఇవి నేరుగా దాని పనే పడతాయట. నాన్న అట్టపెట్టె కోస్తుంటే తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. కొట్టు పెట్టింది తాతయ్యే. ఇప్పుడు నడిపేది నాన్న అయినా పొద్దుటిపూట గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చోకపోతే కొట్టు తెరిచినట్టే ఉండదు.

"బోర్డు మీద రాయి అమ్మడూ" అన్నారు. కొట్టు ముందున్న నల్లబోర్డు కాలేజీ మూసినప్పటినుంచి నా సొంత పత్రిక. మొదట "మహమ్మారి మెడలు వంచే మహత్తర మాత్రలు" అని రాశాను. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇది మందుల కొట్టా, నాటకాల పందిరా అని అడిగారు తాతయ్య. 'మహత్తర' తీసేశాను. 'మెడలు' తీసేశాను. తీసేస్తూ పోతే చివరికి ఇది మిగిలింది:

కొత్త మాత్రలు వచ్చాయి. ఇక భయం లేదు.

మొదటి వాక్యం ఎవరైనా రాస్తారు. రెండోది నాది. రోడ్డు దాటి అటువైపు నుంచి చదివి చూసుకున్నాను. తిరిగొచ్చి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ దాటాను.

మంగళవారం

బోర్డు ముందు ఎవరెవరు ఆగుతున్నారో లోపల్నుంచి చూస్తూ కూర్చున్నాను. మూల మీద బండి పెట్టుకునే ఇస్త్రీ మావయ్య రెండుసార్లు పైకి చదివాడు. తాతయ్యకి చెప్తే, "వాడికి ఏదైనా రెండుసార్లు అలవాటే, మడత కుదరాలిగా" అన్నారు.

గురువారం

అత్త వచ్చింది. మా మేనత్త, తాతయ్య కూతురు, నాన్నకి అక్క. పెద్దాసుపత్రిలో నర్సు. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు ఆవిణ్ణి వార్డులో వేస్తారు, తగ్గగానే టీకాలు వెయ్యడానికి పంపుతారు. ఇప్పుడు మా కొట్టుకి నాలుగు గుమ్మాల అవతలున్న బడిలో టీకాలు వేస్తోంది. యూనిఫారంలోనే వచ్చి బోర్డు ముందు నిలబడింది. ఎవరు రాశారిది అని అడిగింది. మెచ్చుకుంటుందేమోనని చెయ్యెత్తాను.

"చెయ్యి దించవే" అంది.

బడికి వచ్చే దారి మా కొట్టు ముందునుంచే. టీకాకని బయల్దేరినవాళ్ళు బోర్డు చదివి, మాత్ర వచ్చేసిందటగా, ఇంక సూది దేనికని వెనక్కి తిరుగుతున్నారట. మొన్నటిదాకా బడి గేటు దాటి వీధిలోకి వచ్చిన లైను ఇవాళ వరండాలోనే అయిపోయిందట. అక్క ఏదైనా కొంచెం పెంచి చెబుతుందని నాన్న నా చెవిలో అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు వాక్యాలకి అంత బలం ఉంటుందా?

తర్వాత అసలు గొడవ మొదలైంది. మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను మొదటి వారమే టీకా వేయించుకున్నాం. మిగిలింది తాతయ్య. ఊళ్ళో దగ్గేవాళ్ళందరూ వచ్చి మొహంలో మొహం పెట్టి మాట్లాడేది ఆయనతోనే. ఆయనేమో వేయించుకోరు. జబ్బు లేనివాడికి మందు అమ్మకూడదన్నది మా కొట్టు మొదటి నియమం. అక్షరాలకంటే ముందు నేను నేర్చుకున్నది అదే. పరీక్షల పిల్లాడికి బలం మందు కావాలని వచ్చినాయన్ని, వాడికి నిద్ర కావాలి, అది నా దగ్గర లేదని పంపించేశారు తాతయ్య. విటమిన్ల కంపెనీ మనిషి బ్యాగు తెరవకుండానే వెళ్ళిపోయేవాడు. అలాంటి మనిషి హాయిగా తిరుగుతూ తన ఒంట్లోకి తనే మందు ఎక్కించుకోవడమేమిటి? పిల్లల టీకాల సంగతి వేరట, వాళ్ళకి అడిగితే చెప్పడం రాదట.

"నాన్నా, నువ్వు కొట్టుకి తాళం ఎప్పుడు వేస్తావు? దొంగ వచ్చాకా, రాకముందా?" అంది అత్త.

"తాళం కొట్టుకి వేస్తాను. నాకు కాదు" అన్నారు తాతయ్య.

అని గల్లాపెట్టె కింది సొరుగు లాగి చూపించారు. కొత్త మాత్రల పెట్టె ఒకటి పక్కకి తీసి పెట్టుకున్నారు. జబ్బు వస్తే ఆ రోజే మొదలుపెడతారట, ఆయన మందు ఆయన దగ్గరే ఉందట. అత్త పెట్టెని చూసింది, బోర్డుని చూసింది, నన్ను చూసింది.

"ఆ బోర్డు ఇంటిల్లిపాదీ కలిసి రాశారన్నమాట" అంది.

వెళ్తూ వెళ్తూ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. వచ్చే వారం శనివారంతో బడిలో టీకాలు ఆఖరు. ఆ తర్వాత ఊరికి ఆ చివరికి మారుస్తారు. అంతదూరం తాతయ్య ఎలాగూ రారు. మాటలు నేర్చినదానివి కదా కోడలా, ఆలోపు తీసుకురా చూద్దాం అంది. పందెంలాగా అంది గానీ మొహం పందెంలాగా లేదు.

శుక్రవారం

పొద్దున్నే ప్రసంగం తయారుచేసుకున్నాను. నివారణ, చికిత్స. రాకుండా చూడటం, వచ్చాక చూడటం. రెండూ మంచి మాటలే. రెండిటినీ పక్కపక్కన రాసి చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో తేల్చడమే నా పని.

తాతయ్య గడువు దగ్గరపడిన మందుల్ని అర ముందుకి జరుపుతున్నారు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయన మనసు బాగుంటుంది. నేను మొదలుపెట్టాను. మాత్ర జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలని, అదీ దొరికితేనని, టీకా అయితే ముందే లోపల కాపలా కూర్చుంటుందని, అప్పటికీ జబ్బు రావచ్చుగానీ ప్రాణం మీదికి వచ్చే సంభావ్యత బాగా తక్కువని చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నారు.

"బాగా చెప్పావు. ఆ 'సంభావ్యత' తీసెయ్. పిండి నోట్లో పోసుకుని మాట్లాడినట్టుంది" అన్నారు.

తీసేశాను. అది తీసేశాక చాలా బాగుందన్నారు. నా ప్రతి వాక్యాన్నీ ఒప్పుకున్నారు, మనసు మాత్రం మార్చుకోలేదు.

చికిత్స అంటే ఆయనకెందుకంత ఇష్టమో ఇవాళ అర్థమైంది. అందులో ఎదురుగా మనిషి ఉంటాడు. దగ్గుతూ వస్తాడు, నాలుగు రోజులు పోయాక దగ్గకుండా వచ్చి సలహా కూడా అడక్కుండా వెళ్తాడు. తాతయ్య నావైపు చూసి కనుబొమలు ఎగరేస్తారు. నివారణలో అలా ఎవరూ రారు. జబ్బు రానివాడు కొట్టుకెందుకు వస్తాడు? అత్త కష్టం అదే. ఆవిడ బాగుచేసినవాళ్ళెవరో ఆవిడకే తెలీదు.

ఆదివారం

అత్త భోజనానికి వచ్చింది. వచ్చిందంటే బయట మెట్ల మీద కూర్చుంది. ఆసుపత్రి మనిషిని, లోపలికి రానంటుంది. అమ్మ కంచం అక్కడికే పట్టుకెళ్ళింది, నేను తోడు కూర్చున్నాను. ప్రసంగం సంగతి చెబితే బాగా నవ్వింది. తిండి ముగుస్తుండగా, అడక్కుండానే వార్డు గురించి చెప్పింది. పోయినసారి ఒక్కొక్క మంచం దగ్గరా ఫోను పట్టుకుని నిలబడేదట, రోగుల పిల్లలు వీడియోలో చూడటానికి. చెయ్యి నొప్పెట్టినా మార్చుకునేది కాదట, బొమ్మ కదులుతుందని.

"ఎవరొచ్చినా చూసుకోగలను. ఆ మంచం మీద మా నాన్నని మాత్రం చూడలేనే" అంది.

అని అమ్మని కేకేసి ఇంకాస్త పెట్టమంది. నేను లేచి వచ్చేశాను. దీని గురించి ఇంకేం రాయను.

మంగళవారం

ఇస్త్రీ మావయ్యని ఆయన భార్య పట్టుకుని నడిపించుకుంటూ కొట్టుకి తెచ్చింది. జ్వరం మొదలై ఆరు రోజులైందట. దగ్గుతూనే బండి దగ్గర నిలబడ్డాడట. డాక్టరు దగ్గరికెళ్దామంటే, "మన మందుల కొట్లో మాత్ర వచ్చిందిలే, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అన్నాడట. టీకాకి ఒకరోజు బయల్దేరాడట కూడా. సగం దారిలో తిరిగొచ్చేశాడట.

ఎందుకు తిరిగొచ్చాడని నేను అడగలేదు.

తాతయ్య అక్కడికక్కడే డాక్టరుకి ఫోను చేశారు. ఇన్ని రోజులు గడిచాక ఆ మాత్ర వల్ల లాభం లేదు, ఊపిరి అందట్లేదు గనక ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారు డాక్టరు. నాన్న ఆటో మాట్లాడి ఎక్కించాడు. వాళ్ళు వెళ్ళిపోయాక తాతయ్య అలమర ముందు నిలబడే ఉన్నారు.

"మందు ఉంది, మనిషి ఉన్నాడు. రోజులే మిగల్లేదు" అన్నారు. నాతో కాదు.

బుధవారం

రాయడానికేమీ లేదు. బోర్డు తుడిచేశాను. మబ్బు పట్టింది, ఎలాగూ వానకి చెరిగిపోయేదే.

గురువారం

వాన పడలేదు.

ఇస్త్రీ మావయ్యకి ఆక్సిజన్ పెట్టారని, స్పృహలోనే ఉన్నాడని అత్త ఫోను చేసి చెప్పింది. ఆయనకి బట్టల దిగులు పట్టుకుందట, వీధివాళ్ళ చొక్కాలన్నీ బండి మీద అలాగే ఉండిపోయాయని. మధ్యాహ్నం నేను వెళ్ళి ఆయన భార్యకి సాయంగా ఇస్త్రీ చేశాను. దానికీ బోర్డుకీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఊరికే ఉన్నాను కదా, వెళ్ళాను. ఒక కాలరు కొంచెం ఎర్రబడింది. మా నాన్నదేలెండి అన్నాను. నిజంగానే నాన్నది. ఎంత అదృష్టం.

కొత్త బోర్డు ఏం రాయాలో తోచట్లేదు. తాతయ్యని అడిగితే, ఖాళీగా ఉంటే కొట్టేం పడిపోదన్నారు. చివరికి "టీకాలు బడిలో వేస్తున్నారు. జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్ని అడగండి" అని రాశాను. అందం ఏమాత్రం లేదు. రోడ్డు దాటి చూసుకోలేదు కూడా. తాతయ్య చదివారు, చెరపమనలేదు.

శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. అందంగా రాయకూడదు.

కొత్త మాత్రలు నిన్నటితో అయిపోయాయి. మళ్ళీ వచ్చే వారమేనట. ఊళ్ళో మిగతా కొట్లలోనూ లేవు. నాన్న బ్యాంకుకి వెళ్ళాడు, తాతయ్య వెనక గదిలో సరుకు సర్దుతున్నారు, నేను గల్లాపెట్టె దగ్గర ఉన్నాను. డ్రాయింగు మాస్టారు వచ్చారు, బడిలో మాకు బొమ్మలు నేర్పినాయన. చేతిలో డాక్టరు చీటీ. వాళ్ళావిడకి నిన్న జ్వరం మొదలైందట, పరీక్షలో ఇదేనని తేలిందట. ఆవిడ క్యాన్సర్‌కి మందులు వాడుతున్నారు. టీకా రెండుసార్లు వేయించినా ఆవిడ ఒంటికి పట్టలేదని, జబ్బు వస్తే మాత్రం వెంటనే ఈ మాత్రలు పడాలని డాక్టరు ముందునుంచీ చెబుతున్నారట. అన్ని కొట్లూ తిరిగి ఆఖరికి మా దగ్గరికి వచ్చారు.

సొరుగు నా మోకాలికి తగులుతోంది.

"అయిపోయాయి మాస్టారూ" అన్నాను.

తడబడకుండా అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో. ఆయన పరవాలేదమ్మా అన్నారు, చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు, మెట్లు దిగారు.

"మాస్టారూ, ఆగండి."

తాతయ్య వెనక గదిలోంచి వచ్చారు. చీటీ అడిగి తీసుకుని చదివారు. నన్ను జరగమని సైగ చేసి, సొరుగు లాగి పెట్టె బయటికి తీసి గల్లాపెట్టె మీద పెట్టారు.

"జబ్బు మీ ఇంట్లో ఉంది, మందు నా సొరుగులో ఉంది. ఇదేం కొట్టండీ?" అన్నారు.

ఏ పూట ఎన్ని వేసుకోవాలో, ఏ మందులతో కలపకూడదో, డాక్టర్ని ఇంకోసారి ఏమడగాలో అన్నీ చెప్పి పంపించారు. నేను అరలకేసి చూస్తూ నిలబడ్డాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. మీ కోసమే అలా అన్నాను తాతయ్యా అన్నాను.

"తెలుసు. అందుకే నీమీద కోపం రాలేదు. అది దాచుకున్న రోజు నామీద నాకూ రాలేదు, చూశావా" అన్నారు.

కాసేపు ఖాళీ సొరుగుని గుడ్డతో తుడిచారు. అందులో దుమ్మేం లేదు. తర్వాత, నీ ప్రసంగంలో కాపలా సంగతేదో చెప్పావే, అది ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను, సంభావ్యత లేకుండా. టీకా వేయించుకుంటే ఇలాంటి పెట్టె అవసరమే రాదా అని అడిగారు. రాదని ఒట్టేయలేను, కానీ చాలామందికి రాదన్నాను.

"అంటే నా వంతు పెట్టె ఇంకొకరికి మిగులుతుంది" అన్నారు.

అది నన్నడిగింది కాదు. లెక్క తేలినప్పుడు ఆయన గొంతు అలాగే ఉంటుంది. నాన్న రాగానే, రేపు పొద్దున కొట్టు నువ్వే తెరువు, నాకు బడిలో పనుందన్నారు. నాన్నకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తకి ఫోను చెయ్యబోయాడు. చెప్పొద్దన్నారు తాతయ్య.

శనివారం

బడిలో ఆఖరి రోజు. లైను వరండా దాటి, గేటు దాటి, మళ్ళీ వీధిలోకి వచ్చింది. పెద్దవాళ్ళు ముందుకి వెళ్ళొచ్చని చెప్పినా తాతయ్య వెళ్ళలేదు. మా కొట్లో లైను తప్పిస్తే నేను ఊరుకుంటానా అన్నారు. ముందున్నాయన చేతిలో మందుల చీటీ చూసి రక్తపోటు మాత్ర మానేశావేమని నిలదీశారు. ఆయన వెనక్కి తిరిగి, టీకాకంటే మీరే భయంగా ఉన్నారండీ అన్నాడు.

తరగతి గదిలో నల్లబోర్డు మీద ఎవరో పిల్లల లెక్క అలాగే ఉండిపోయింది. దాని కింద బల్ల దగ్గర అత్త. తలెత్తకుండా రాసుకుంటూ, వచ్చినవాళ్ళందర్నీ అడిగే ప్రశ్నలే అడిగింది.

"ఏమైనా జబ్బులున్నాయా?"

"లేవమ్మా. అందుకే వచ్చాను."

అత్త తలెత్తింది. మందు లాగబోయి సీసా మళ్ళీ కింద పెట్టేసింది. పక్క బల్ల నర్సుని పిలిచి, కాస్త నువ్వు వెయ్యవా అంది. ఊళ్ళో సగంమందికి వేసిన చెయ్యి అది.

"మిగతావాళ్ళకి ఎలా వేశావో నాకూ అలాగే వెయ్యి. నేను నిన్ను చూస్తూ కూర్చోను, ఆ లెక్క చూస్తుంటాను. అది తప్పులా ఉంది" అన్నారు తాతయ్య.

వేసింది. సూది తీసి దూది అద్దింది. అందరికీ దూది చేతికిచ్చి మీరే పట్టుకోండి అంటుంది. తాతయ్యకి తనే పట్టుకుంది. వెనక లైనులోంచి ఎవరో ఇంకెంతసేపండీ అన్నారు. ఇంకొకరు దగ్గారు. అత్త వినిపించుకోలేదు.

బయట అరగంట కూర్చోవాలి. తాతయ్య కూర్చున్న బెంచీ చూస్తుండగానే మా కొట్టులా మారిపోయింది. ఎవరేం మందులు వాడుతున్నారో అందరూ ఆయనకి చెప్పుకోవడం మొదలుపెట్టారు. సమయం అయిపోయినా లేవలేదు. చివరికి అత్త గుమ్మంలోకి వచ్చి, నాన్నా, ఇంటికెళ్ళు, నా లైను నీ దగ్గరికి తిరుగుతోంది అంది.

ఆదివారం

టీకా వేయించుకున్న మర్నాడు కొంతమందికి వచ్చినట్టే తాతయ్యకి కొంచెం జ్వరం వచ్చింది. ఆయనకి భలే సంతోషంగా ఉంది. ఇప్పుడు జబ్బు ఉంది కాబట్టి మందు వేసుకోవచ్చట. జ్వరం మాత్ర ఒక్కటి తెప్పించుకుని, తన ఖాతాలో రాశావా అని నాన్నని మూడుసార్లు అడిగారు.

డ్రాయింగు మాస్టారి భార్యకి జ్వరం దిగిందట, ఫోను చేశారు. అత్త మధ్యాహ్నం ఇంకో కబురు తెచ్చింది: ఇస్త్రీ మావయ్యకి ఆక్సిజన్ తీసేశారు, తన బండి మీది బట్టలు ఎవరు ఇస్త్రీ చేశారో కనుక్కుని భయపడుతున్నాడు. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళలేదు, ఎన్నాళ్ళ తర్వాతో ఇవాళ సెలవు. స్నానం చేసి లోపలికి వచ్చింది. తాతయ్య జ్వరం చూస్తానని మంచం పక్కన కుర్చీ వేసుకుంది. నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తియ్యకుండానే నిద్రపోయింది.

నేను మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి తాతయ్య కళ్ళు తెరిచే ఉన్నారు. కదలకుండా పడుకున్నారు. జ్వరం ఎలా ఉందని అడిగాను. తగ్గిపోయిందని సైగ చేశారు. నవ్వి అత్తకి చెప్పబోయాను.

"లేపకు" అన్నారు గుసగుసగా. "తగ్గిందని చెప్పకు. వెళ్ళిపోతుంది."